స్పోర్టీ కారు, మన గతుకులు: షాకుల మార్పిడి మీద వాదాలన్నీ ఒకచోట

అనకాపల్లి నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా కాసేపట్లోనే రోడ్డు తీరు మారిపోతుంది. సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వెళ్లే ఆరు వరుసల దారిలో వంద దగ్గర నడుస్తున్న బండి తేలకుండా, రోడ్డుకు అతుక్కుని పోవాలి. చోడవరం చేరి భీమిలి–నర్సీపట్నం రోడ్డెక్కితే, లోడు లారీలూ చెరకు ట్రాక్టర్లూ నలగ్గొట్టిన తారు మీద ఇరవై కిలోమీటర్ల వేగమే ఎక్కువనిపిస్తుంది. మాడుగుల దాటి పాడేరు ఘాట్‌లోనో, నర్సీపట్నం దాటి లంబసింగి ఘాట్‌లోనో కావలసింది ఇంకోటి. మలుపులో బండి పక్కకు ఒరగకూడదు, బ్రేకు తొక్కితే ముక్కు కిందికి దిగకూడదు. ఒకే కారు ఒకే రోజున ఈ మూడూ చెయ్యాల్సి వస్తుంది.

పోలో జీటీ, బలెనో ఆర్‌ఎస్, ఐ20 ఎన్ లైన్, వర్టస్ జీటీ లాంటి బళ్లు కొన్నవారి మధ్య షాకుల మార్పిడి వాదన ఎప్పటికీ తెగకపోవడానికి మొదటి కారణం ఈ రోడ్లే. రెండో కారణం మనుషులది. అరిగిన సామాను మార్చడం, బండిని మరింత అదుపులోకి తేవడం, బండి ఎత్తు మార్చడం అనే మూడు వేర్వేరు అవసరాలు ఒకే బిల్లులోకి చేరిపోయాయి. ఒకరు అరిగిన షాకులు తీసి కొత్తవి వేయించుకుని, కొత్త కంపెనీ మహిమ అంటారు. ఇంకొకరు స్ప్రింగులు మార్చి బండిని దించి, గుద్దులకు షాకులను తిడతారు. ఎవరి అనుభవం వారికి నిజమే. కానీ రెంటినీ పోల్చే వీల్లేదు.

ఇక్కడిదాకా వచ్చిన దారి

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు వెనక ఉన్నవి కమాన్ పట్టీలే. ఆ పట్టీల మధ్య రాపిడే కొంత ఊపును తినేసేది. షాకు సగం చచ్చినా బండి నడిచిపోయేది. వాటిని నడిపినవారికి షాకు అంటే నూనె కారినప్పుడు మాత్రమే గుర్తొచ్చే వస్తువు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ముందు చక్రాల దగ్గర మెక్‌ఫెర్సన్ స్ట్రట్లు ఉన్నాయి. అమెరికన్ ఇంజినీరు ఎర్ల్ మెక్‌ఫెర్సన్ రూపొందించిన ఈ ఏర్పాటు 1950లో బ్రిటన్‌లో ఫోర్డు కాన్సల్, జెఫిర్ కార్లతో జనంలోకి వచ్చింది. ఇందులో షాకు ఊపును ఆపడంతో సరిపెట్టుకోదు, చక్రాన్ని నిలబెట్టే స్తంభం కూడా అదే. అందుకే స్ట్రట్ అరిగితే కుదుపుతో పాటు స్టీరింగూ, అలైన్‌మెంటూ, టైరూ అన్నీ దెబ్బతింటాయి. వెనక చక్రానికి విడిగా ఉండే మామూలు షాకుకూ ముందు స్ట్రట్‌కూ ఉన్న ఈ తేడాను గమనించకుండానే చాలామంది నాలుగింటికీ ఒకే లెక్క కడతారు.

షాకు లోపలి కథకూ రెండు పాయలున్నాయి. ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలుండే ట్విన్‌ట్యూబ్ పాత పద్ధతి. చవక, బయటి గొట్టానికి రాయి తగిలి సొట్ట పడ్డా పని ఆగదు. ఒకే గొట్టంలో నూనెనూ, ఎక్కువ పీడనం మీద నైట్రోజన్‌నూ తేలే పిస్టన్‌తో వేరు చేసే మోనోట్యూబ్‌ను ఫ్రాన్స్‌లో క్రిస్టియాన్ ద కార్బన్ 1950ల మొదట్లో కనిపెట్టాడు. బిల్‌స్టీన్ 1957లో మెర్సిడెస్ బెంజ్ కోసం దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసింది. వేడెక్కినా నూనె నురగ కట్టదు, పని తగ్గదు. మన దేశంలో గాబ్రియల్ ఇండియా 1961 నుంచీ షాకులు చేస్తోంది. మనం కొనే మామూలు కార్లలో వచ్చేవి ఎక్కువగా ట్విన్‌ట్యూబ్‌లే.

స్పోర్టీ కార్ల ముచ్చట ఇక్కడ ఆలస్యంగా మొదలైంది. 1999లో ఫోర్డు ఐకాన్, 2001లో ఫియట్ పాలియో జీటీఎక్స్, 2005లో స్విఫ్ట్ వచ్చాక మలుపులో బండి ఎలా తిరుగుతుందన్నది కొనుగోలు మాటల్లో చేరింది. 2013లో పోలో జీటీ టీఎస్‌ఐ వచ్చింది. 2015లో అబార్త్ పుంటో 145 గుర్రాల శక్తితో, 155 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌తో వచ్చి, కంపెనీయే బండిని దించితే మన రోడ్ల మీద ఎలా ఉంటుందో చూపించింది. 2021లో ఐ20 ఎన్ లైన్ తెచ్చిన హ్యుందాయ్, డాంపర్లను, అంటే షాకులను, 30 శాతం గట్టిపరిచామని చెప్పుకుంది. అంటే ఒకప్పుడు షెడ్డులో జరిగే మార్పు ఇప్పుడు కొంతవరకు ఫ్యాక్టరీలోనే జరిగిపోతోంది. కంపెనీ చేసిచ్చాక మళ్లీ మనం ఎందుకు చెయ్యాలన్న ప్రశ్న అక్కడి నుంచి పుట్టిందే.

షాకు చేసే పనేమిటి

బండి బరువు మోసేది స్ప్రింగు. గొయ్యి దిగి లేచినప్పుడు స్ప్రింగు పట్టే ఊపును వేడిగా మార్చి చల్లార్చేది షాకు. ఊపు అసలు లేకుండా ఒక్కసారికే సర్దుకునే స్థాయిని ఒకటి అనుకుంటే, మామూలు కార్లలో డాంపింగు 0.2 నుంచి 0.4 దాకా ఉంటుంది. పోటీ కార్లలో 0.6, 0.7 దాకా పోతుంది. ఎక్కువైన కొద్దీ బండి అదుపులో ఉంటుంది, ప్రతి చిన్న రాయీ వెన్నుకు తెలుస్తుంది.

షాకు బలం పిస్టన్ వేగాన్ని బట్టి ఉంటుంది. బండి మలుపులో ఒరిగేటప్పుడు, బ్రేకుకు ముక్కు దించేటప్పుడు పిస్టన్ కదలిక సెకనుకు పది సెంటీమీటర్ల లోపే. గుంతలో పడినప్పుడు అది సెకనుకు మీటరు దాకా పోగలదు. మంచి డాంపర్లో ఈ రెండు చోట్లా వాల్వులు వేర్వేరుగా పనిచేస్తాయి. నెమ్మది కదలికకు గట్టిగా నిలబడి, గుంత దెబ్బకు దారి వదులుతాయి. షాకును చేత్తో నొక్కి గట్టిగా ఉంది, మెత్తగా ఉంది అని తేల్చడం అందుకే పనికిరాని పరీక్ష. బానెట్ నొక్కి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పద్ధతీ అంతే. పూర్తిగా చచ్చిన షాకును పట్టిస్తుంది తప్ప సగం అరిగినదాన్ని పట్టించదు.

ఇంకో లెక్క చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఊపును అంతే బాగా ఆపాలంటే కావలసిన డాంపింగు, స్ప్రింగు గట్టిదనానికి వర్గమూలం చొప్పున పెరుగుతుంది. స్ప్రింగు 30 శాతం గట్టిదైతే డాంపరు 14 శాతం పెరిగితే చాలు. ఆరోగ్యంగా ఉన్న కంపెనీ షాకు ఆ తేడాను చాలావరకు మోసుకుపోతుంది. కష్టమల్లా యాభై, అరవై వేల కిలోమీటర్లు తిరిగి సత్తువ తగ్గిన షాకు మీద గట్టి స్ప్రింగు ఎక్కించినప్పుడే.

నాలుగు వాదాలు

మొదటిది కంపెనీ సామాను వాదం. అరిగినవి తీసి అవే నంబరువి కొత్తవి వేయించు, టాప్ మౌంట్లూ బంప్ స్టాపర్లూ లింక్ రాడ్లూ లోయర్ ఆర్మ్ బుష్‌లూ అదే పనిలో మార్పించు, మిగిలిన డబ్బు మంచి టైర్లకు పెట్టు అంటుంది. అనుభవమున్న మెకానిక్‌లలో ఎక్కువమంది ఈ పక్షమే. వారి మాటకు బలం ఉంది. ముందు నుంచి వచ్చే టకటక చప్పుడుకు చాలాసార్లు కారణం షాకు కాదు, స్టెబిలైజర్ లింకో టాప్ మౌంటో. కొత్తదాని తేడా కూడా అరిగినదానితో పోల్చుకోవడం వల్లే అంత పెద్దగా కనిపిస్తుంది. షాకుల పనితనం నెలల మీద కొంచెంకొంచెంగా తగ్గుతుంది కాబట్టి నడిపేవాడికి ఆ తగ్గుదల తెలియదు. మన్రో లాంటి కంపెనీలు 80,000 కిలోమీటర్లకు మార్చమంటాయి. చోడవరం రోడ్డులో రోజూ తిరిగే బండికి అంతకాలం ఆగమనడం కష్టం.

ఈ వాదంలో లోటూ ఉంది. కంపెనీ షాకు ఐదుగురు కూర్చునే కుటుంబాన్నీ, మెత్తదనం కోరే కొనుగోలుదారునూ, ధరనూ కలిపి చూసుకుని చేసిన రాజీ. ఘాట్‌లో చురుగ్గా నడిపేవాడికి ఆ రాజీ చాలదనిపిస్తే అతన్ని తప్పుపట్టలేం.

రెండోది బండిని డౌన్ చేసే వాదం. పాత షాకులు ఉంచి పొట్టి స్ప్రింగులు వేస్తారు. తక్కువ ఖర్చు, చూపుకు అందం. ఇంకా తక్కువ ఖర్చు కావాలంటే కొన్ని షెడ్లలో స్ప్రింగు చుట్టు కోసేస్తారు. దాన్ని వాదాల్లో లెక్కపెట్టనవసరం లేదు. కోసిన స్ప్రింగు తన గిన్నెలో సరిగా కూర్చోదు, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు జారిపోయే ప్రమాదం ఉంది. సరైన పొట్టి స్ప్రింగుల విషయంలోనూ ఒక చిక్కు దాగుంది. మెక్‌ఫెర్సన్ ఏర్పాటులో బండిని దించితే లోయర్ ఆర్మ్ వాలు మారుతుంది. బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి జారుతుంది. అలా ఒరిగించే చెయ్యి పొడవు పెరుగుతుంది. బాగా దించిన బండి చూడ్డానికి నేలకు అతుక్కున్నట్టున్నా, స్ప్రింగు గట్టిదనం తీసేసి చూస్తే ఎక్కువ ఒరగాలనే చూస్తుంది.

దీనికి తిరగేసిన పని కూడా మన దగ్గర జోరుగా సాగుతోంది. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికించి ఎత్తు పెంచుతారు. బఫర్ పడిన చోట చుట్టు పనిచెయ్యదు కాబట్టి స్ప్రింగు గట్టిపడుతుంది. షాకు మాత్రం పాతదే. అడుగు తగలకపోవచ్చు గానీ ఎగురుడు పెరుగుతుంది.

మూడోది డాంపర్లు మాత్రమే మార్చే వాదం. స్ప్రింగులూ ఎత్తూ కంపెనీవే ఉంచి, షాకులను మెరుగైనవాటితో మారుస్తారు. ఈ పనికే బిల్‌స్టీన్‌లో బీ6, కోనీలో పసుపు రంగు స్పోర్ట్ రకం పేరుపడ్డాయి. కోనీ స్పోర్ట్‌లో రీబౌండును, అంటే షాకు తిరిగి సాగేటప్పటి బలాన్ని, తిప్పి సరిచేసుకోవచ్చు. గుంతకూ మలుపుకూ వేర్వేరుగా స్పందించే ఎఫ్‌ఎస్‌డీ రకాన్ని కూడా అదే కంపెనీ తెచ్చింది. చక్రం గబగబా చిన్నగా వణికితే నూనెకు అదనపు దారి తెరుచుకుంటుంది, బండి నెమ్మదిగా పెద్దగా ఊగితే మూసుకుంటుంది. ఆ తరహా డాంపర్లు 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700 లాంటి బళ్లతో మామూలు కొనుగోలుదారు దాకా వచ్చాయి.

నాలుగోది పూర్తి కిట్, కాయిలోవర్ల వాదం. స్ప్రింగు, డాంపరు ఒకదానికొకటి సరిపడేలా ముందే జతచేసినవి కిట్లు. బిల్‌స్టీన్ పొట్టి డాంపర్లను ఐబాక్ స్ప్రింగులతో కలిపి అమ్మే బీ12 ఇలాంటిదే. మర పట్టిన గొట్టం మీద గిన్నెను తిప్పి ఎత్తు మార్చుకునేవి కాయిలోవర్లు. ట్రాక్ మీద నాలుగు మూలల బరువు సరిచేసుకోవడానికి పుట్టిన సామాను అది. ఎరిగినవాడి చేతిలో అద్భుతం. అయితే విశాఖ తీరపు ఉప్పుగాలి, వానాకాలపు బురద ఆ మరల్లో చేరితే ఏడాది తిరిగేసరికి గిన్నె కదలదు. ఎత్తు మార్చుకోగల సౌకర్యానికి డబ్బు పోసి, దాన్ని ఒక్కసారి కూడా వాడనివారే ఎక్కువ.

చక్రం పైకి పోయే జాగా

వాదులాడేవారిలో ఎక్కువమంది గట్టిదనం గురించే మాట్లాడతారు. మన రోడ్ల మీద కొరత ఉన్నది దానికి కాదు, చక్రం పైకి కదలడానికి మిగిలే జాగాకు. కాగితం మీద ఒక మామూలు లెక్క వేసి చూద్దాం.

ఖాళీ బండిలో చక్రం పైకి పోయి బంప్ స్టాపరు అనే రబ్బరు అడ్డును తాకడానికి 80 మిల్లీమీటర్ల జాగా ఉందనుకుందాం. బరువు కేంద్రం నేలకు 550 మిల్లీమీటర్ల ఎత్తున ఉంది. బండిని 30 మిల్లీమీటర్లు దించాం. మలుపులో లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి మారే బరువు, కేంద్రం ఎత్తుకు తగినట్టే ఉంటుంది కాబట్టి లాభం ఐదున్నర శాతం. జాగా 80 నుంచి 50కి పడిపోయింది. నష్టం 37 శాతం పైనే.

స్ప్రింగును 30 శాతం గట్టి చేశాం కదా, అది సరిపెడుతుందనే జవాబు వస్తుంది. సరిపెట్టదు. స్టాపరును తాకేలోపు స్ప్రింగు తీసుకోగల దెబ్బ, గట్టిదనానికి నేరుగా పెరిగితే జాగాకు వర్గం చొప్పున పెరుగుతుంది. 30 శాతం గట్టి స్ప్రింగు, 50 మిల్లీమీటర్ల జాగా ఉన్న బండి, పాత బండి తీసుకున్న దెబ్బలో సగమే తీసుకోగలదు. పాత సత్తువ రావాలంటే స్ప్రింగు రెండున్నర రెట్లు గట్టిపడాలి. అది ఇక రోడ్డు కారు కాదు. దించిన బళ్లవారు గట్టిగా ఉంది, గట్టిగా ఉంది అని చెప్పుకునే గుద్దులు చాలాసార్లు స్ప్రింగువీ కావు, షాకువీ కావు. చక్రం బంప్ స్టాపరు మీద కూర్చోవడం వల్ల వచ్చినవి.

బరువు సంగతి కూడా చూడాలి. వెనక సీటులో ముగ్గురు, డిక్కీలో సామాను కలిసి వెనక ఇరుసు మీద 200 కిలోలు పడ్డాయనుకుందాం. ఒక్కో వెనక చక్రం దగ్గర మిల్లీమీటరుకు 20 న్యూటన్ల స్ప్రింగుంటే బండి వెనక 50 మిల్లీమీటర్లు దిగుతుంది. ముందే 30 దించిన బండిలో మిగిలిన జాగా మొత్తం అక్కడే అయిపోయింది. గట్టి స్ప్రింగుతో ఆ దిగుడు 38కి తగ్గినా మిగిలేది 12 మిల్లీమీటర్లే. నూకాంబిక జాతరకు ఇంటిల్లిపాదీ బయలుదేరితే ఆ కారు మొదటి గుంతకే మూలుగుతుంది. ఎత్తు మార్చని డాంపరు ఈ లెక్కలన్నిటికీ బయటే నిలుస్తుంది. డాంపర్లు మాత్రమే మార్చే మూడో వాదం వైపు ఈ వ్యాసం మొగ్గడానికి ఆధారం ఇదే.

టైరును ఈ లెక్కలోంచి తీసెయ్యడం కుదరదు. 185/65 ఆర్15 టైరు పక్కగోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు. అందం కోసం 205/45 ఆర్17 వేస్తే అది 92కి పడిపోతుంది. గుంత అంచు దెబ్బను మొదట తినేది ఆ గోడే. చక్రాల సైజు పెంచి, ఆ కుదుపు తగ్గించడానికి షాకులు మార్చమని షెడ్డుకు వచ్చేవారికి పాత రిమ్ములు మళ్లీ ఎక్కించుకోమనడం కంటే మంచి సలహా ఉండదు. తమాషా ఏమిటంటే అనకాపల్లి జిల్లాలోనే, అచ్యుతాపురంలో, యోకోహామా వారి పెద్ద టైర్ల ఫ్యాక్టరీ 2022లో మొదలైంది. అక్కడ తయారయ్యేవి ట్రాక్టర్లకూ గనుల బళ్లకూ వేసే టైర్లు. గుంతలకు తట్టుకునే టైర్లే గానీ కారుకు పట్టవు.

స్పీడ్ బ్రేకర్ లెక్క

దించే వాదానికి అసలు పరీక్ష గుంత కాదు, స్పీడ్ బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన కొలతల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి వీలుగా చెప్పిన కొలత అది. చక్రాల మధ్య దూరం 2.58 మీటర్లున్న కారు దాని మధ్యలో ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ ఆ దిబ్బ మీదే ఉంటాయి, ఒక్కోటీ దాదాపు 5 సెంటీమీటర్లు లేచి ఉంటుంది. బండి పొట్ట కింద పోయేది మిగిలిన 5 సెంటీమీటర్లే. దించిన బండీ హాయిగా దాటుతుంది.

ఊళ్లలో జనమే పట్టుబట్టి వేయించుకున్న ఇరుకు దిబ్బల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. అర మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే, కారు మధ్య భాగం దాని మీదికి వచ్చేసరికి చక్రాలన్నీ చదును మీద ఉంటాయి. మొత్తం 15 సెంటీమీటర్లూ పొట్ట కిందనుంచే పోతాయి. 165 మిల్లీమీటర్ల క్లియరెన్స్ ఖాళీ బండిదైతే, నలుగురు ఎక్కాక ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. క్లియరెన్స్ అంకెను ఖాళీగా కొలవాలా, లోడుతో కొలవాలా అన్న గొడవ పన్నుల దాకా వెళ్లింది. పెద్ద యుటిలిటీ బళ్ల మీద అప్పుడున్న సెస్సుకు 170 మిల్లీమీటర్ల హద్దును ఖాళీ బండికే చూడాలని 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది. కారు కొనేవాడు ఆ అంకెను నిండు బండిదిగా చదువుకుంటాడు.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఆరు వరుసల దారి మీద నాలుగు వాదాలకూ పెద్ద తేడా లేదు. కొత్త కంపెనీ షాకులున్న బండి కూడా అక్కడ బుద్ధిగానే ఉంటుంది. వంతెనల జాయింట్ల దగ్గర మాత్రం మంచి డాంపరున్నది ఒక్క ఊపుతో సర్దుకుంటుంది.

ఘాట్‌లో కిట్‌కూ కాయిలోవర్‌కూ పైచెయ్యి. డాంపర్లు మాత్రమే మార్చిన బండి వాటికి దగ్గరగానే వస్తుంది, ఒరుగుడు కొంచెం ఎక్కువున్నా వేగంగా కాకుండా మెల్లగా ఒరుగుతుంది కాబట్టి నడిపేవాడికి నమ్మకం చిక్కుతుంది. పాడేరు వైపు మలుపుల్లో తారు అక్కడక్కడా లేచిపోయి ఉంటుంది. అక్కడ గట్టి స్ప్రింగున్న చక్రం క్షణం పాటు గాల్లోకి లేస్తుంది. గాల్లో ఉన్న టైరుకు పట్టు ఉండదు. రేసు ట్రాకు మీద వేగంగా ఉన్న అమరిక ఇక్కడా వేగంగానే ఉంటుందనుకోవడం అందుకే పొరపాటు. ర్యాలీ కార్లు ఎత్తుగా, పొడవైన కదలికతో ఉంటాయి, వాటి డాంపర్లు మాత్రం మహా గట్టివి. మన రోడ్లకు పాఠం కావలసింది సర్క్యూట్ కార్ల నుంచి కాదు, వాటి నుంచి.

గతుకుల రోడ్డులో కొత్త కంపెనీ షాకులూ డాంపర్ల మార్పూ దాదాపు సమానం. మోనోట్యూబ్ అయితే చిన్న గతుకులు కాస్త ఎక్కువే తెలుస్తాయి, రాయి తగిలి గొట్టం సొట్టపోతే పిస్టన్ పట్టేస్తుంది. పొట్టి స్ప్రింగులు అక్కడ కట్టకడపటివి. ఖర్చు పక్కన మొదటి వాదాన్ని కొట్టేది లేదు. బయటి దేశం నుంచి తెప్పించే నాలుగు డాంపర్ల ధర, ఇక్కడ నాలుగు మంచి టైర్ల ధరను సులువుగా దాటుతుంది. పైగా ఒకటి పాడైతే విడిగా దొరకడానికి వారాలు పడుతుంది. గాజువాక ఆటోనగర్‌లో సాయంత్రానికల్లా దొరికే కంపెనీ స్ట్రట్‌కు ఆ సుఖం వేరు.

ఏది వేసినా కొన్ని పనులు తప్పవు. ఒకే ఇరుసు మీద రెండూ కలిపి మార్చాలి. ముందు స్ట్రట్లు విప్పితే అలైన్‌మెంట్ చేయించాలి. బుష్‌ల మధ్య నట్లను బండి జాకీ మీద వేలాడుతుండగా కాక, చక్రాలు నేల మీద ఆనాక బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి నెలల్లో చినుగుతుంది. షెడ్లలో ఎక్కువగా తప్పిపోయేది ఈ చివరి పనే, దానివల్ల వచ్చే చప్పుడుకు నింద మాత్రం కొత్త షాకు మీద పడుతుంది.

చట్టం ఎటువైపు

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. బండి నిర్మాణంలో మార్పు వచ్చి దాని మౌలిక లక్షణం మారితే అది మార్పు కిందికి వస్తుందని అదే సెక్షన్ వివరణ. కేరళ నుంచి వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని కఠినంగానే చదివింది, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పు చెల్లదంది. అదే ఏడాది వచ్చిన సవరణ 182ఏ సెక్షన్‌ను తిరగరాసింది. నిబంధనలు అనుమతించని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

షాకు నంబరు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండదు. అదే ఎత్తులో మెరుగైన డాంపరు వేయడం మౌలిక లక్షణాన్ని మార్చడమా? ఒక పక్షం కాదంటుంది, బ్రేకు ప్యాడ్లు ఇంకో కంపెనీవి వేసుకున్నట్టే అంటుంది. ఇంకో పక్షం, 182ఏ సెక్షన్ విడిభాగాలు బిగించడాన్ని పేరుపెట్టి చెప్పిందని గుర్తుచేస్తుంది. రెండు వాదనలకూ బలముంది. బండిని దించడం, లేపడం మాత్రం కంటికి కనిపించే మార్పు కాబట్టి దాన్ని సమర్థించుకోవడం కష్టం. జర్మనీలో ఐబాక్, బిల్‌స్టీన్ కిట్లు ఏ కారుకు సరిపోతాయో పరీక్షించిన పత్రంతో సహా వస్తాయి. దాని ఆధారంగా బండి కాగితాల్లో రాయించుకోవచ్చు. మన దగ్గర సీఎన్‌జీ కిట్‌కు నమోదు దారి ఉంది, డాంపరుకు అంత తేటైన దారి లేదు. బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పి బిల్లు జతపరచడం ప్రస్తుతానికి మిగిలిన జాగ్రత్త.

ఇంకా తేలనివి

మొదటిది, ఏ షాకు మన రోడ్ల మీద ఎంతకాలం నిలుస్తుందన్నది. రోడ్డు గరుకుదనాన్ని కొలవడానికి ప్రపంచ బ్యాంకు 1980లలో ప్రచారంలోకి తెచ్చిన అంతర్జాతీయ సూచిక, విచిత్రంగా, ఒక ఊహా కారు పావు భాగం మీదే నడుస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే ఆ పావు కారు షాకు కిలోమీటరుకు ఎన్ని మీటర్లు కదిలిందో ఆ అంకె చెబుతుంది. అంటే రోడ్డు ఇంజినీర్ల దగ్గర షాకు పడే శ్రమకు కొలత ఇప్పటికే ఉంది. షాకులు అమ్మేవారు దాన్ని వాడరు, పెట్టె మీద కిలోమీటర్లే రాస్తారు. సబ్బవరం దారిలో తిరిగిన కిలోమీటరూ చోడవరం దారిలో తిరిగిన కిలోమీటరూ ఆ పెట్టెకు ఒకటే.

రెండోది రిపేరు షాకుల సంగతి. గొట్టం కోసి, సీలు మార్చి, నూనె పోసి మళ్లీ వెల్డింగు చేసి ఇచ్చేవారు పెద్ద ఊళ్లన్నిటా ఉన్నారు. పిస్టన్ వేగానికి ఎంత బలం ఇస్తోందో గీసి చూపే డైనో మీద పెట్టకుండా అలాంటి షాకు కుడిదీ ఎడమదీ ఒకలా పనిచేస్తున్నాయో లేదో ఎవరూ చెప్పలేరు. నూనె చిక్కదనం తప్పినా, గ్యాసు పీడనం లేకపోయినా చేత్తో నొక్కితే తెలియదు. అలాగని ఈ పని మొత్తం మోసం కూడా కాదు. విప్పి బిగించుకునేలా చేసిన మోనోట్యూబ్‌లను సర్వీసు చేయడం పోటీ జట్లలో మామూలే. లేనిది ఆ యంత్రం, ఆ గీత.

మూడోది విద్యుత్ కార్లది. బ్యాటరీ బరువు నేలకు దగ్గరగా ఉండడంతో ఒరుగుడు తక్కువ, కానీ మొత్తం బరువు ఎక్కువ. అదే మోడల్ పెట్రోలు బండికి నప్పిన డాంపరు దానికి చాలదు. కిట్లు చేసేవారి జాబితాల్లో మన మార్కెట్టు విద్యుత్ కార్లకు ఇంకా చోటు తక్కువ. బ్యాటరీ పెట్టె కింద అంగుళం జాగా తగ్గించి పొట్టి స్ప్రింగులు వేసుకోవడం గురించి మాత్రం అప్పుడే అడుగుతున్నవారున్నారు. ఇరుకు దిబ్బ లెక్క వాళ్లకు మరింత ఖరీదుగా వర్తిస్తుంది. పెట్రోలు కారులో తగిలేది ఎక్కువగా సంపు కాపు రేకు, అక్కడ తగిలేది బ్యాటరీ అడుగు.